వగరుని చైనీసులో ఏమంటారు?

పోయిన సంక్రాంతికి ఊరెళ్తూ బస్సులో ఫ్లాష్‌కార్డులు తిప్పుతున్నాను. కాలేజీలో సాయంత్రం పూట నేర్పే చైనీసు కోర్సులో చేరి అప్పటికి ఆరు నెలలు. తిండి పాఠంలో ఉన్నాం. ఒక కార్డు మీద "సె" అనే మాట వచ్చింది. వెనక్కి తిప్పితే ఇంగ్లీషులో "ఆస్ట్రింజెంట్" అని ఉంది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియమే చదివాను. అయినా ఆ మాట మొహానికి రాసుకునే సీసాల మీద తప్ప ఇంకెక్కడా తగల్లేదు నాకు. సరే, తెలుగులో ఏమంటారో చూద్దామని ఫోన్లో ఒక అనువాద యంత్రాన్ని అడిగాను. అది ఏమాత్రం తడుముకోకుండా "రక్తస్రావ నివారిణి" అంది.

అంటే ఇప్పుడు నేను ఒక కాయ కొరికి, "ఇది కొంచెం రక్తస్రావ నివారిణిగా ఉంది" అనాలన్నమాట. పక్క సీటు ఆంటీ నా నవ్వు చూసి ఫోన్లో ఏదో వీడియో చూస్తున్నాననుకుంది.

అమ్మమ్మ వాళ్ళది ఖమ్మం దగ్గర పల్లెటూరు. ఇంటి వెనక జామచెట్టు ఉంటుంది. మర్నాడు పొద్దున దాని కింద కూర్చుని ఛెంగ్తూ అమ్మాయి పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. (ఛెంగ్తూ అంటే సిచువాన్ రాష్ట్ర రాజధాని. ఆ అమ్మాయికి నేను ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతాను, తను నాకు చైనీసు నేర్పుతుంది. డబ్బుల్లేని బేరం.) "సె" అంటే ఏంటని అడిగితే తను ఇంకో ఇంగ్లీషు మాట వెతకలేదు. పండని పండు కొరికితే నాలుక మీద గరుకు బట్ట పరిచినట్టు అవుతుంది చూడు, నోరంతా లోపలికి లాక్కుపోతుంది, నీళ్ళు తాగినా వెంటనే పోదు, అదే సె అని చెప్పింది. పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మమ్మకి అదే మాటల్లో చెప్పి, దీన్నేమంటారని అడిగాను. అమ్మమ్మ లేచి ఒక జామపిందె తెంపి నా చేతిలో పెట్టింది.

"కొరుకు."

కొరికాను.

"వగరంటరే దాన్ని, పిచ్చిదానా. ఇంత సదువు సదివి వగరు తెల్వదా నీకు?"

తెలుసు. బాధంతా అక్కడే ఉంది. ఆరో తరగతిలో ఉగాది మీద వ్యాసం రాశాను. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అని షడ్రుచులు వరసగా, స్పెల్లింగ్ తప్పు లేకుండా రాసి పదికి తొమ్మిది తెచ్చుకున్నాను. కానీ అందులో ఆరో మాట నాకు మార్కుల కోసం పట్టుకున్న మాట. ఉగాది పచ్చడిలో మామిడి పిందె కొరికినప్పుడు నోట్లో జరిగేదానికీ, వ్యాసంలో రాసిన మాటకీ మధ్య తీగ కలవలేదు. ఆ తీగ కలపడానికి చైనాలో ఉన్న అమ్మాయి కావాల్సి వచ్చింది.

అప్పట్నుంచి నాకొక అభిప్రాయం గట్టిపడింది. చైనీసులో రుచుల మాటలు నేర్చుకునే తెలుగువాళ్ళు మధ్యలో ఇంగ్లీషుని కూర్చోబెట్టకూడదు. కార్డుకి ఒకవైపు చైనీసు, రెండోవైపు తెలుగు ఉండాలి. ఇది భాషాభిమానం స్పీచ్ అనుకుని పేజీ తిప్పేయకండి. నేను అభిమానం గురించి చెప్పట్లేదు, పని సులువవ్వడం గురించి చెప్తున్నాను. మన డిపార్ట్‌మెంట్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, యంత్రానువాదంలో రెండు భాషల మధ్య నేరుగా డేటా తక్కువున్నప్పుడు ఇంగ్లీషుని మధ్యలో పెట్టి రెండు గంతుల్లో అనువాదం చేయడం అనే పద్ధతి ఉంది. మొదటి గంతులో కొంత అర్థం కారిపోతుంది, రెండో గంతులో ఇంకొంత. వగరు కాస్తా రక్తస్రావ నివారిణి అయ్యింది ఇలాంటి గంతులోనే. యంత్రం చేస్తే నవ్వుతాం. మన బుర్రలు రోజూ చేసేదీ అదే.

అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న, "ఇయ్యాల కూరేంది? ఎట్లుంది?" నేను "బాగనే ఉంది" అంటాను. "బాగుండుడేందే? ఉప్పెక్కువైందా, పులుపు తక్కువైందా, సప్పగుందా?" నా దగ్గర జవాబు ఉండదు. టేస్టీ, సూపర్, స్పైసీ, యాక్. నా నాలుకకున్న డిక్షనరీ మొత్తం ఇంతే. మా మెస్ ఫీడ్‌బ్యాక్ ఫారంలో కూడా గుడ్, యావరేజ్, పూర్ అని మూడు గళ్ళు ఉంటాయి. పప్పు చప్పగా ఉందో, మాడు వాసనొస్తోందో, చింతపండు పచ్చివాసన పోలేదో చెప్పడానికి అందులో చోటు లేదు. నెలనెలా పూర్ అని టిక్కు పెడతాం. వండే అన్నకి ఏం మార్చాలో పాపం ఎలా తెలుస్తుంది?

ఇక చైనీసు మాటల దగ్గరికి వస్తే, మా కోర్సులో ఇచ్చిన మొదటి మాట "హావ్‌ఛ". తినడానికి బాగుంది అని అర్థం. తాగేదైతే "హావ్‌హ". ఈ రెంటితో ఎవరైనా ఒక ఏడాది గడిపేయొచ్చు, నాలాంటివాళ్ళు చాలామంది గడిపేస్తారు కూడా. తర్వాత పులుపుకి సువాన్, తీపికి థియెన్, చేదుకి ఖు, కారానికి లా, ఉప్పుకి షియెన్. ఇవి ఇంగ్లీషులో నేర్చుకున్నా పెద్ద నష్టం లేదు. అసలు మజా వీటి తర్వాత మొదలవుతుంది.

"షియాంగ్" అనే మాట తీసుకోండి. నా కార్డు వెనక "ఫ్రేగ్రెంట్" అని ఉండేది. సరే, సువాసన అనుకున్నాను. అంతలో మా ఛెంగ్తూ అమ్మాయి వేయించిన వేరుశెనగల్ని షియాంగ్ అంది. నెయ్యి లాంటి కొవ్వు తగిలిన అన్నాన్ని షియాంగ్ అంది. ఒకరోజు పొద్దున, రాత్రి చాలా "ష్వెయ్ త షియాంగ్" అంది. అంటే, నిద్ర షియాంగ్‌గా పట్టిందట. ఇంగ్లీషు దారిలో వెళ్తే అక్కడ దొరికేది సువాసనగల నిద్ర. అగరొత్తులు వెలిగించుకుని పడుకుందేమో అనుకున్నాను, నిజంగా. తర్వాత ఒకసారి అమ్మ నోట్లోంచి యథాలాపంగా వచ్చింది, "మధ్యాహ్నం కమ్మగా నిద్రపట్టింది" అని. కమ్మగా! కమ్మని వాసన, కమ్మని పెరుగు, కమ్మని నిద్ర. ముక్కుకీ నాలుకకీ నిద్రకీ ఒకే మాట వాడే భాష నాకు పుట్టినప్పట్నుంచీ ఉంది, నేను మాత్రం ఫ్రేగ్రెంట్ దగ్గర ఆగి తల గోక్కుంటున్నాను.

ఒకసారి ఈ తాళం దొరికాక తలుపులు వరసగా తెరుచుకున్నాయి. "నన్" అంటే కార్డు మీద "టెండర్" అని ఉంది. మాంసం గురించి అనుకున్నాను. కానీ చైనీసులో కూరగాయా నన్నే, పసిపిల్లల చర్మమూ నన్నే, ఇప్పుడే చిగురేసిన ఆకు రంగు "నన్ ల్యూ". ఇందులో వింతేముంది, లేత! లేత బెండకాయ, లేత ఆకుపచ్చ. దీనికి వ్యతిరేకం "లావ్", మామూలుగా ముసలి అని అర్థం. కూరగాయ లావ్ అయిపోయిందంటే కార్డు ప్రకారం "ఓల్డ్ వెజిటబుల్". పాతబడి ఫ్రిజ్‌లో వాడిపోయిందేమో అనుకుంటాం. కాదు, ముదిరిపోయింది. చెట్టునే ఉండి ముదిరిపోయింది. బెండకాయ కొస విరిచి చూసే ఏ అమ్మకైనా ఈ మాట ఒక్క సెకనులో ఎక్కుతుంది.

ఇంగ్లీషువాళ్ళు కీరదోసకాయనీ, బిస్కెట్నీ, అప్పడాన్నీ అన్నిటినీ క్రిస్పీ, క్రంచీ అనే రెండు డబ్బాల్లో పడేస్తారు. చైనీసులో నోట్లో ఠక్కున విరిగేది "త్స్వెయ్". పంటి కింద పడగానే పొడిపొడిగా కరిగేది "సూ". ఈ తేడా నాకు రెండు వారాలు ఎక్కలేదు. తర్వాత మా రూమ్మేట్ వాళ్ళింటి నుంచి సకినాలు తెచ్చింది. వరంగల్ పిల్ల. "ఈసారి మంచిగ గుల్లగ వచ్చినయ్" అంది. గుల్లగా రావడం అంటే సూ. కీరదోసకాయ కరకర అంటే త్స్వెయ్. రూమ్మేట్‌కి చైనీసు ఒక్క ముక్క రాదు, కానీ నా సందేహం తీర్చింది తనే, అదీ నోట్లో సకినం పెట్టుకుని.

"నీ" అనే మాట ఉంది. నూనె ఎక్కువైనా, తీపి ఎక్కువైనా ఇక ముద్ద దిగని స్థితి. ఒకే తిండి రోజూ తింటే "ఛ నీ ల" అంటారు. ఒకే పాట పదిసార్లు విన్నా అదే "నీ" తగిలిస్తారు. దీనికి ఇంగ్లీషు కార్డు మీద "గ్రీజీ, బోర్డ్ ఆఫ్" అని కామా పెట్టి రెండు మాటలు రాశారు. నూనెకీ విసుగుకీ ఏంటి సంబంధం? మొహం మొత్తింది అనే మాట తెలిసినవాళ్ళకి ఆ సంబంధం విడిగా చెప్పక్కర్లేదు.

ఇక "షింగ్". చేపలు, గుడ్లు, పచ్చిమాంసం, రక్తం వీటి వాసన. ఇంగ్లీషులో "ఫిషీ" అంటే చేప మాత్రమే కనపడుతుంది, గుడ్డు ఎందుకు ఫిషీ అవుతుంది? మనకి నీచు వాసన ఉంది. అమ్మమ్మ నీసు అంటుంది. కరీంనగర్ ఫ్రెండు కౌసు అంటుంది. చైనా వంటల వీడియోలు చూస్తే ప్రతిదాంట్లో "ఛ్యూ షింగ్" అనే మాట వినపడుతుంది, అంటే నీచు పోగొట్టడం. వాళ్ళు అల్లం, ఉల్లికాడలు, వంటల్లో వాడే సారా వేస్తారు. మనం రాళ్ళుప్పు, పసుపు వేసి కడిగి, నిమ్మకాయ పిండుతాం. వీడియోలో ఆమె చేప ముక్కల్ని రుద్దుతున్న తీరు చూసి అమ్మమ్మ "ఆమెకు తెల్సు" అంది. చైనీసు రాకుండానే ఆ వంట మొత్తం అర్థమయింది ఆమెకి.

ఇక్కడ చిన్న పక్కదారి. రుచుల మాటలే కాదు, వాటిని పలకడానికి కూడా తెలుగే దగ్గరి దారి. చైనీసుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిలో "బి", "డి" అని కనపడేవి నిజానికి మన ప, త లాంటివి. "పి", "టి" అని కనపడేవి ఒత్తు ఫ, థ లాంటివి. తీపి "థియెన్", చప్పదనం "తాన్". తేడా ఒత్తులోనే ఉంది. ఇంగ్లీషు అక్షరం చూసి చదివినన్నాళ్ళూ మా మేడమ్ నన్ను ఆపుతూనే ఉంది. నోట్సు తెలుగు లిపిలో రాసుకున్న రోజు నుంచి ఆపడం తగ్గింది. (మనం ఫ ని ఇంగ్లీషు "ఎఫ్" లాగా పలకడం మానేస్తే ఇంకా తగ్గుతుంది. అది నా తప్పు, లిపిది కాదు.) స్వరాలు మాత్రం తెలుగు లిపిలో రావు. ఉప్పదనం షియెన్, ఇంకో రుచి షియెన్. రెండూ ఒకేలా రాశాను చూడండి. ఒకటి గొంతు పైకి లేపుతూ అనాలి, ఇంకోటి పైనే నిలబెట్టి అనాలి. ఆ అమ్మాయి వాళ్ళమ్మ చేసిన చేపల పులుసు ఫోటో పంపిస్తే, మెచ్చుకోబోయి గొంతు తప్పు వైపు లేపి, "చాలా ఉప్పగా ఉన్నట్టుంది" అని వాయిస్ మెసేజ్ పెట్టాను. ఫోటో చూసే ఉప్పు కనిపెట్టాను మరి.

నా రెండో అభిప్రాయం ఇంకొంచెం గొడవ పెట్టేది. ఈ మాటలు కోర్సులో చివరకి కాదు, మొదట రావాలి. చైనీసు పరీక్ష హెచ్.ఎస్.కె. పాత పద్ధతిలో మూడో స్థాయికి 600 మాటలు, నాలుగో స్థాయికి 1200. అందులో తీపి మూడో స్థాయిలో వస్తుంది. ఉప్పన, పులుపు, కారం, చేదు నాలుగో స్థాయిలో గానీ రావు. అంటే 600 మాటలు వచ్చిన మనిషి ఎయిర్‌పోర్టుకి దారి అడగగలడు, ఆఫీసులో మీటింగ్ గురించి చెప్పగలడు, ప్లేటులో కూర ఉప్పగా ఉందని మాత్రం చెప్పలేడు. దారి అడగాల్సిన పని జీవితంలో ఎన్నిసార్లు వస్తుంది? అన్నం రోజుకి మూడుసార్లు తింటాం.

ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు. మా పెద్దమ్మ కూతురు చైనాలో ఎంబీబీఎస్ చదివింది. మన దగ్గర్నుంచి చాలామంది వెళ్తారు కదా, అలాగే. క్లాసులు ఇంగ్లీషులోనే. కానీ వార్డులో పేషెంటు ఇంగ్లీషు మాట్లాడడు. అక్క మొదటిసారి వార్డుకి వెళ్ళినప్పుడు ఒక ముసలాయన కాలు చూపించి "మా" అన్నాడట. అక్కకి ఆ మాట క్యాంటీన్లో మాత్రమే తెలుసు, "మా లా" వేపుడులో మా. నాలుక జివ్వుమని మొద్దుబారడం. ఓహో, కాలు తిమ్మిరెక్కిందన్నమాట అని అక్కడికక్కడ అర్థమయింది. ఇంకొకామె నడుము పట్టుకుని "సువాన్" అంది. పులుపు. మన దగ్గర చాకిరీ చేసినవాళ్ళు ఒళ్ళు పులిసిపోయింది అనరూ? అదే. మరొకాయన నోరు "ఖు" అన్నాడు. జ్వరమొస్తే మన నోరూ చేదే. "మెడికల్ చైనీస్ పుస్తకం కంటే క్యాంటీనే నన్ను పాస్ చేయించింది" అంటుంది అక్క. చైనీసులో రుచి మాటలు నోట్లోనే ఉండిపోవు. కష్టపడటాన్ని చేదు తినడం అంటారు. ప్రేమలో అసూయపడటాన్ని వెనిగర్ తాగడం అంటారు, వాళ్ళ లెక్కలో తినడం. పని చేసి అలిసిపోయినవాళ్ళతో మర్యాదగా "షిన్ ఖు ల" అంటారు. షిన్ అంటే ఘాటు, ఖు అంటే చేదు. మీకు చాలా ఘాటూ చేదూ అయింది అని అక్షరార్థం.

ఆ "మా" గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే నాకు చైనీసులో అన్నిటికన్నా నచ్చిన మాట అది. దీనికి కారణమైన గింజ పేరు హ్వాచియావ్. సిచువాన్ మిరియం అంటాం కానీ అది మిరియమూ కాదు, మిరపా కాదు, నిమ్మ కుటుంబంలోది. 2013లో లండన్‌లో కొందరు శాస్త్రవేత్తలు దీన్ని మనుషుల పెదాల మీద రాసి, వాళ్ళకి కలిగే జలదరింపు ఎంత వేగంగా కొట్టుకునే కంపనంలా ఉందో కొలిచారు. సుమారు 50 హెర్ట్జ్ వచ్చింది. మన ఇళ్ళలో కరెంటు కూడా 50 హెర్ట్జే! మా ఈఈఈ ఫ్రెండ్స్‌కి ఇది చెప్తే నాకన్నా ఎక్కువ సంతోషపడ్డారు. అక్క ఒక పొట్లం తెచ్చింది. అమ్మమ్మ ఒక గింజ నోట్లో వేసుకుని, రెండు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, "ఏందే ఇది, నాలుకకు తిమ్మిరెక్కింది" అంది. ఎవరూ చెప్పకుండానే, సిచువాన్ జనం కాలుకీ నాలుకకీ కలిపి వాడే మాట దగ్గరికి నేరుగా వెళ్ళింది. ఆ కార్డు మీద "నంబింగ్" కొట్టేసి తిమ్మిరి అని రాశాను.

క్లబ్బులో ఈ సంగతి చెప్తే ఒక సీనియర్ అన్న, "ఇదంతా బాగుందమ్మా, కానీ ప్లేస్‌మెంట్‌కి పనికొచ్చే చైనీస్ నేర్చుకో, సెమీకండక్టర్, సప్లై చైన్, అవీ" అన్నారు. అన్న చెప్పింది తప్పు అనను. కానీ మా ఖమ్మం మార్కెట్‌కి వచ్చే తేజ రకం మిర్చిని ఎక్కువగా కొనే దేశాల్లో చైనా ఒకటి. గుంటూరు యార్డు సంగతి చెప్పక్కర్లేదు. మా మేనమామ మిర్చి పండిస్తాడు, ఆ కాయ ఏ నోట్లోకి వెళ్తుందో, ఆ నోరు దాన్ని ఏమంటుందో ఆయనకి తెలీదు. అది కూడా సప్లై చైనే కదా అన్నా. పైగా కారం విషయంలో వాళ్ళకీ మనకీ ఒకటే పట్టింపు. సిచువాన్, కుయిచౌ, హునాన్ జనం ఎవరు ఎక్కువ కారం తింటారో చెప్పే ఒక సామెత ఉంది. ఒకరు "పు ఫా లా", కారానికి భయపడరు. ఒకరు "లా పు ఫా", కారమైనా భయపడరు. ఇంకొకరు "ఫా పు లా", కారం లేదేమోనని భయపడతారు. మూడే మాటలు, చోట్లు మార్చి మూడు అర్థాలు. పర్ముటేషన్స్‌కి ఇంతకన్నా రుచికరమైన ఉదాహరణ మా మ్యాథ్స్ పుస్తకంలో లేదు. ఏ రాష్ట్రానికి ఏది అనేదాని మీద వాళ్ళలో వాళ్ళకే గొడవ, మన గుంటూరు, ఖమ్మం, వరంగల్ గొడవ లాగే.

అయితే తెలుగు ప్రతిచోటా పనిచేస్తుందని నేను అంటే అది అబద్ధం అవుతుంది. ఒకచోట బాగా దెబ్బతిన్నాను. "తాన్" అంటే చప్పన అని ధైర్యంగా కార్డు రాసుకున్నాను. ఒకరోజు ఛెంగ్తూ అమ్మాయి, మా అమ్మమ్మది కాంటన్ వైపు, ఆమె వంట చాలా "ఛింగ్ తాన్" అంది. నేను జాలిపడి, అయ్యో, పెద్దవాళ్ళకి రుచి తెలియదు కదా, పర్లేదులే అన్నట్టు ఏదో రాశాను. అటునుంచి చాలాసేపు జవాబు రాలేదు. ఛింగ్ తాన్ మెచ్చుకోలట. నూనె, మసాలా తక్కువ వేసి, చేప చేపలా, ఆకుకూర ఆకుకూరలా తెలిసేట్టు వండటం. మన చప్పనలో తిట్టు ఉంది, వాళ్ళ మాటలో లేదు. అలాగే మిఠాయి తిని "మరీ తీపి లేదు" అంటే అక్కడ పొగడ్త, మా ఇంట్లో పాయసం తిని అలా అంటే చక్కెర డబ్బా తెచ్చి పెడతారు. నేను క్షమాపణ చెప్పాను. వాళ్ళ అమ్మమ్మకి చెప్పొద్దని కూడా అడిగాను. ఇప్పుడు ఆ కార్డు మీద చప్పన కొట్టేసి ఉంది, దాని కింద ఏం రాయాలో తెలియక "జ్వరమొచ్చినప్పుడు కాదు, బాగున్నప్పుడు ఇష్టంగా తినే చప్పన" అని రెండు లైన్లు రాసి పెట్టాను. పొడుగే, కానీ తప్పు కాదు.

తైవాన్‌వాళ్ళకి ఇంకో వింత మాట ఉంది. పంటి కింద నొక్కితే మళ్ళీ ఎగిరొచ్చే మెత్తదనాన్ని ఇంగ్లీషు అక్షరం "క్యూ"తో రాస్తారు. బాగా ఎగిరొస్తే "క్యూ క్యూ". బబుల్ టీలో గుండ్లు అలా ఉండాలి. అవీ మన సగ్గుబియ్యమూ ఒకే కర్రపెండలం పిండివి, కానీ పాయసంలో సగ్గుబియ్యం మెత్తగా ఉడికితే మనకి చాలు, ఎగిరి రావాలని ఎవరం అడగలేదు. అడగలేదు కాబట్టి మాట పుట్టలేదనుకుంటా. అక్కడ క్యూ అనే ఉంచేశాను.

ప్రస్తుతం నా డబ్బాలో ఇలాంటి కార్డులు 63 ఉన్నాయి. చైనీసు నేర్చుకుంటున్న జూనియర్లు ఎవరైనా అడిగితే ఫోటోలు తీసి పంపిస్తాను, మీ ఇంట్లో వేరే మాట ఉంటే కొట్టేసి అది రాసుకోండి. నీచు, నీసు, కౌసు లాగా.

ఒక్క కార్డుకి మాత్రం వెనకవైపు ఇంకా ఖాళీ. పైన చెప్పానే, నేను గొంతు తప్పించి ఉప్పన చేసేసిన రెండో షియెన్. ఆ అక్షరంలో చేప, గొర్రె పక్కపక్కన నిలబడి ఉంటాయి. పుట్టగొడుగుల్లో, ఎముకల రసంలో, తాజా చేపలో ఉండే రుచి. 1908లో జపాన్‌లో ఇకెదా కికునయె అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ దీనికి మూలం గ్లుటమేట్ అని కనిపెట్టి ఉమామి అని పేరు పెట్టాడు. మన నూడుల్స్ బండి మీద చెంచాతో వేసే అజినోమోటో దాన్నుంచే వచ్చింది. ఇంగ్లీషులో కూడా మాట దొరక్క జపాను మాటే వాడేస్తున్నారు. ఆరు రుచులున్న మన దగ్గర ఏదో ఒకటి ఉండకపోదని అమ్మమ్మకి ఫోన్ చేసి అంతా వివరించాను. ఉప్పు కాదు, తీపి కాదు, కమ్మదనం కూడా కాదు, సొరకాయ కూరలో ఎండురొయ్యలు వేస్తే కొత్తగా వచ్చి చేరేది ఏదో ఉంటుంది చూడు, అది అన్నాను.

అమ్మమ్మ కాసేపు ఆలోచించింది. "నోటిమాటగ చెప్తే నాకేం తెల్సే. సెలవులకు రా, ఆదివారం సంతల ఎండురొయ్యలు తెస్త. తిన్నంక చెప్త" అంది.